పేరు మీదే, పత్రం ఎవరి పేరున?

ప్రశ్న: మాకు బెంగళూరు చిక్కపేటలో ధర్మవరం పట్టుచీరల కొట్టు ఉంది. 2016లో మా ఆడపడుచు కొడుకు స్నేహితుడొకడు మాకు వెబ్‌సైటు చేసిపెట్టాడు. చివర డాట్ కామ్ ఉన్న ఆ పేరు కూడా అతనే కొన్నాడు. ఏటా డబ్బు మేము పంపిస్తాం, అతను కడతాడు. ఇప్పుడు అతను ఉద్యోగరీత్యా జర్మనీలో ఉన్నాడు. ఈ మధ్య మా వీధిలోనే ఒక హోల్‌సేల్ వ్యాపారి వెబ్‌సైటు పేరును ఎవరో కాజేశారు. ఆయన మెయిళ్లు కూడా ఆగిపోయాయట. గత వారం మా కొట్టు మెయిల్‌కు ‘24 గంటల్లో ధ్రువీకరించకపోతే మీ డొమైన్ రద్దవుతుంది’ అని ఒక మెయిల్ వచ్చింది. భయం వేసి లింకు నొక్కలేదు. అసలు ఒక పేరును దొంగిలించడం ఎలా సాధ్యం? మేము ఏం చేయాలి?
ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: లింకు నొక్కకుండా ఆగిపోయారు, మంచి పని చేశారు. ఆ మెయిల్ సంగతి కొంచెం తరువాత చెప్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అంతకంటే ఎక్కువగా కలవరపెట్టిన మాట మరొకటి ఉంది: ‘ఆ పేరు కూడా అతనే కొన్నాడు’. బెంగళూరులో ఎప్పుడైనా స్థలం కొన్నవారికి ఈ మాటలోని ప్రమాదాన్ని వివరించనక్కరలేదు. ఏటా పన్ను మీరే కడుతున్నా, గోడకు రంగులు మీరే వేయిస్తున్నా, రిజిస్ట్రేషను పత్రంలో వేరొకరి పేరుంటే చివరికి ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఆ అబ్బాయి చెడ్డవాడని నేను అనడం లేదు. అతని మెయిల్‌లోకి రేపు ఎవరైనా చొరబడితే పోయేది అతని ఆస్తి కాదు, మీది. అలా పోయిన రోజున, అది మీదని చెప్పే కాగితం ఒక్కటి కూడా మీ చేతిలో ఉండదు.

డొమైన్‌ను, అంటే వెబ్‌సైటు పేరును, ‘కొన్నాం’ అనడం వాడుకలో వచ్చిన మాటే తప్ప, అది గడువుతో కూడిన నమోదు మాత్రమే. ఒకేసారి 10 సంవత్సరాలకు మించి ఎవరికీ ఇవ్వరు. డాట్ కామ్ పేర్లన్నింటి మూల చిట్టా అమెరికాలోని వెరిసైన్ సంస్థ దగ్గర ఉంటుంది, వాటికి నియమాలు పెట్టేది 1998లో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. డాట్ ఇన్ పేర్ల చిట్టాను మన దేశంలోని నిక్సీ, అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా, నిర్వహిస్తుంది. మనకు నేరుగా తారసపడేది మాత్రం డబ్బు తీసుకుని పేరు నమోదు చేసే రిజిస్ట్రార్ సంస్థ. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, డాట్ కామ్ మూల చిట్టాలో యజమాని పేరు ఉండదు. ఆ పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందన్నదే ప్రధానంగా ఉంటుంది. ఇక రిజిస్ట్రార్‌కు ఖాతాదారు అంటే ఒక ఈమెయిల్ చిరునామా, ఒక పాస్‌వర్డ్. మీ కొట్టులో ఇరవై ఏళ్లుగా వస్తున్న ఖాతాదారును ముఖం చూసి గుర్తుపట్టే గుమాస్తా ఉంటాడు కానీ, అక్కడ అలాంటి గుమాస్తా లేడు. ఆ మెయిల్ ఎవరి చేతిలో ఉంటే పేరు వారిదే.

దొంగతనం అనగానే కంప్యూటర్లను ఛేదించే మహా మేధావిని ఊహించుకుంటాం. ఈ రంగంలో అందరికంటే పేరుమోసిన దొంగకు కావలసి వచ్చింది ఒక్క కాగితం. గ్యారీ క్రెమెన్ అనే అమెరికన్ 1994లో సెక్స్ డాట్ కామ్ అనే పేరును నమోదు చేసుకున్నాడు. (ఈ శీర్షికలో ఆ పేరు రాయడానికి మొహమాటంగానే ఉంది, కానీ కేసు పేరు నేను మార్చలేను కదా.) 1995లో స్టీఫెన్ కోహెన్ అనే వ్యక్తి, క్రెమెన్ కంపెనీ రాసినట్టుగా ఒక దొంగ ఉత్తరం పుట్టించి నమోదు సంస్థకు పంపాడు. వారు క్రెమెన్‌ను ఒక్క మాటైనా అడగకుండా పేరును కోహెన్‌కు మార్చేశారు. 2000 నవంబరులో కోర్టు పేరును తిరిగి ఇప్పించింది, మరుసటి ఏడాది కోహెన్‌ను 6.5 కోట్ల డాలర్లు కట్టమన్నది, అతను మెక్సికోకు పారిపోయాడు. 2003లో అప్పీలు కోర్టు, డొమైన్ కూడా ఆస్తే కాబట్టి దాన్ని పరాయివాడి చేతిలో పెట్టిన సంస్థ కూడా బాధ్యురాలు కావచ్చునని తేల్చింది. ఈ మాట అనిపించుకోవడానికి సొంతదారుకు ఎన్నేళ్లు పట్టిందో లెక్క వేసుకోండి.

ఆ కాగితం స్థానంలోకి ఇప్పుడు మెయిల్‌బాక్స్ వచ్చింది. ఒక రిజిస్ట్రార్ నుంచి మరొక రిజిస్ట్రార్‌కు పేరును బదిలీ చేయాలంటే ఆథ్ కోడ్ అనే రహస్య సంకేతం కావాలి. అది పాత రిజిస్ట్రార్ దగ్గరి ఖాతాలోనే దొరుకుతుంది. బదిలీ మొదలయ్యాక పాత రిజిస్ట్రార్ ‘ఇది మీరే అడిగారా?’ అని యజమాని మెయిల్‌కు రాస్తాడు. 5 రోజుల్లో అభ్యంతరం రాకపోతే పేరు వెళ్లిపోతుంది. మౌనం అర్ధాంగీకారం అని మనం అంటాం, వారి దగ్గర మాత్రం మౌనం పూర్తి అంగీకారం. అందుకే మెయిల్‌లోకి చొరబడిన దొంగ తొందరపడి పాస్‌వర్డ్ మార్చడు, మారిస్తే మీకు వెంటనే తెలిసిపోతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఒక ఫిల్టర్ పెడతాడు. ఆనాటి నుంచి రిజిస్ట్రార్ రాసే మెయిళ్లన్నీ మీ ఇన్‌బాక్స్‌లో కనిపించకుండా నేరుగా చెత్తబుట్టలోకో, అతని చిరునామాకో పోతాయి. మిగతా ఉత్తరాలన్నీ ఎప్పటిలాగే వస్తుంటాయి కనుక మీకు అనుమానం రాదు. మీరు మీ జీమెయిల్ తెరిచి, సెట్టింగుల్లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ అన్న రెండు చోట్ల మీరు పెట్టనిది ఏదైనా ఉందేమో చూడండి. ఆ అబ్బాయిని కూడా చూడమనండి. రెండు నిమిషాల పని.

ఆరితేరినవారికి కూడా ఈ ముప్పు తప్పలేదు. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పెర్ల్ డాట్ కామ్ 2021 జనవరి చివరి వారంలో చేయిదాటిపోయిందని దాని నిర్వాహకులు గుర్తించారు. ఆరా తీస్తే, 2020 సెప్టెంబరులోనే ఎవరో దొంగ పత్రాలతో నమోదు సంస్థను నమ్మించి ఉంటారని, డిసెంబరులో పేరును మరొక రిజిస్ట్రార్‌కు, జనవరిలో ఇంకొక రిజిస్ట్రార్‌కు తరలించారని తేలింది. మొదటి బదిలీలో సైటు ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే నేమ్‌సర్వర్లను మాత్రం ముట్టుకోలేదు, అందువల్ల అన్ని నెలలూ సైటు మామూలుగానే కనిపించింది. ఫిబ్రవరిలో పేరు తిరిగి దక్కింది. ఆ సైటును నడిపేవారు ప్రపంచవ్యాప్తంగా పరిచయాలున్న ప్రోగ్రామర్లు కాబట్టి అంత త్వరగా దక్కింది. ‘మా వెబ్‌సైటు బాగానే తెరుచుకుంటోంది’ అన్నది భద్రతకు గుర్తు కాదని చెప్పడానికే ఈ కథ చెప్పాను.

మీ వీధిలోని వ్యాపారికి మెయిళ్లు కూడా ఆగిపోయాయన్నారు కాబట్టి, ఆయన కొట్టు పేరు మీదే మెయిల్ చిరునామా పెట్టుకుని, రిజిస్ట్రార్ దగ్గర కూడా అదే ఇచ్చి ఉంటారని నా ఊహ. ఇది కొట్టు తాళంచెవిని కొట్టులోనే ఉంచి బయట తాళం వేసుకోవడం లాంటిది. డొమైన్ పోయిన క్షణంలో ఆ డొమైన్ మీద నడిచే మెయిల్ కూడా దొంగకే పోతుంది. పాస్‌వర్డ్ మార్చుకుందామని ఆయన అడిగితే ఆ కొత్త లింకు దొంగ దగ్గరికే చేరుతుంది, ఖాతాదారులు పంపే ఆర్డర్లు, బ్యాంకు ఉత్తరాలు కూడా అక్కడికే చేరుతాయి. చాలామంది హుందాగా ఉంటుందని ఇలా చేస్తారు. రిజిస్ట్రార్ ఖాతాకు వాడే మెయిల్ డొమైన్‌తో సంబంధం లేనిదై ఉండాలి. దాన్ని ఇంకే పనికీ వాడకూడదు; విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించకూడదు, బిల్లు పుస్తకం మీద ఉండకూడదు. ముఖ్యంగా కౌంటరు మీది కంప్యూటరులో తెరవకూడదు. కొరియర్ చీటీలు ప్రింటు తీసుకోవడానికి కొట్టులోని కుర్రాళ్లందరూ కూర్చునే ఆ కంప్యూటరులో పొద్దున తెరిచిన జీమెయిల్ రాత్రి షట్టరు దించేదాకా తెరిచే ఉండటం నేను చాలా కొట్లలో చూశాను.

ఇక మీకు వచ్చిన మెయిల్. కొత్తగా పేరు నమోదు చేసినప్పుడో, యజమాని వివరాలు మార్చినప్పుడో రిజిస్ట్రార్ ఈమెయిల్‌నో ఫోన్‌నో ధ్రువీకరించుకోవాలనీ, 15 రోజుల్లో జవాబు రాకపోతే పేరును నిలిపివేయవచ్చుననీ ఐకాన్ నియమం నిజంగానే ఉంది. దొంగలు దాన్ని అనుకరించి 15 రోజులను 24 గంటలుగా కుదిస్తారు, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకూడదు కదా. మీరు ఈ మధ్య ఏ వివరమూ మార్చలేదు కాబట్టి ఆ మెయిల్ రావలసిన సందర్భమే లేదు. అదీగాక, నమోదు ఆ అబ్బాయి మెయిల్‌తో జరిగి ఉంటే అసలైన రిజిస్ట్రార్ ఉత్తరం జర్మనీలోని అతనికి వెళ్లాలి. మీ కొట్టు మెయిల్‌కు వచ్చిందంటే, ఎవరో మీ వెబ్‌సైటులో చిరునామా చూసి పంపారని అర్థం. పంపినవారి చిరునామాను ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. ఇంగ్లీషులో ‘ఎం’ ఉండవలసిన చోట ‘ఆర్’, ‘ఎన్’ అక్షరాలను పక్కపక్కన పెడితే ఫోను తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అనుమానమైనా, భయమైనా, మెయిల్‌లోని లింకుతో పని పెట్టుకోకుండా రిజిస్ట్రార్ సైటును మీరే విడిగా తెరిచి ఖాతాలోకి వెళ్లి చూడాలి. నిజంగా చేయవలసింది ఏదైనా ఉంటే అక్కడే కనిపిస్తుంది. చైనాలో ఎవరో మీ పేరు నమోదు చేసుకోబోతున్నారని, మీరు వెంటనే కొనకపోతే పోతుందని వచ్చే మెయిళ్లు కూడా ఈ కోవకే చెందుతాయి. వాటికి జవాబు కూడా రాయవద్దు.

కొట్టు మూసి ఇంటికి వెళ్లాక తీరుబడిగా లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్ తెరిచి మీ డొమైన్ పేరు కొట్టండి. యజమాని పేరు కనిపిస్తుందని మాత్రం ఆశపడవద్దు. 2018లో ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమలులోకి వచ్చాక ఆ గడిని చాలావరకు కప్పిపెట్టారు. రిజిస్ట్రార్ ఎవరు, గడువు ఎప్పటివరకు, నేమ్‌సర్వర్లు ఏవి, స్థితి ఏమిటి అన్న నాలుగు వరుసలు ఫోటో తీసుకుని దాచుకోండి. స్థితి దగ్గర ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ అని ఉంటే బదిలీకి తాళం వేసి ఉన్నట్టు. అక్కడ కేవలం ‘ఓకే’ అని ఉంటే తలుపు తీసి ఉన్నట్టు. ఖాతాలోకి వెళ్లి తాళం వేయమని అబ్బాయికి ఆ రాత్రే చెప్పండి. ఇందుకు సాధారణంగా రుసుము ఉండదు. ఖాతాలోకి దూరినవాడు ఆ తాళాన్ని తానే తీయగలడు కాబట్టి దీనితోనే నిశ్చింతగా ఉండలేం. పెద్ద సంస్థలు ఇంకొక మెట్టు పైకి వెళ్లి, మూల చిట్టా దగ్గరే వేసే రిజిస్ట్రీ లాక్ అనే తాళం వేయించుకుంటాయి. దాన్ని తీయాలంటే మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడి నిర్ధారించుకోవాలి. దానికి అయ్యే ఖర్చు మీ స్థాయి కొట్టుకు అనవసరమని నా అభిప్రాయం. డీఎన్‌ఎస్‌సెక్ అనే భద్రతా ఏర్పాటు పెట్టించుకుంటే డొమైన్ పోదని ఎవరైనా చెప్తే నమ్మవద్దు. అది మంచిదే కానీ, దారిలో తప్పుడు చిరునామా చెప్పేవాళ్లను ఆపుతుంది తప్ప ఖాతా దొంగలను ఆపదు.

ఖాతాకూ, దాని మెయిల్‌కూ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి. ఓటీపీ మెసేజీ రూపంలో కాకుండా, ఫోనులోని ఆథెంటికేటర్ యాప్ నుంచి వచ్చేలా పెట్టుకోవడం మేలు, ఎందుకంటే మీ నంబరుతో దొంగ సిమ్ తీసేవాళ్లున్నారు. సిమ్ మార్చిన 7 రోజులదాకా నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులై 1 నుంచి నియమం పెట్టింది, ఆ మేరకు కొంత నయం. యాప్ పెట్టినప్పుడు ఇచ్చే బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి నగలున్న బీరువాలో పెట్టండి. ఫోను పోయిన రోజున వాటి విలువ తెలుస్తుంది.

గడువు విషయంలో జాగ్రత్త చాలు, భయం అక్కరలేదు. రిజిస్ట్రార్ గడువుకు దాదాపు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి, దాటిన 5 రోజుల లోపల ఇంకోసారి గుర్తు చేయాలి. మీ విషయంలో ఆ మెయిళ్లు కూడా అతనికే వెళ్తున్నాయి. రద్దు చేసిన తరువాత కూడా డాట్ కామ్ పేరును పాత యజమాని తిరిగి పొందడానికి 30 రోజుల విమోచన గడువు ఉంటుంది, రుసుము మాత్రం గట్టిగా వేస్తారు.

ఒకవేళ పేరు పోయిందే అనుకోండి. ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఆ మరుక్షణం రిజిస్ట్రార్‌కు ఫోన్ చేసి, ‘అనుమతి లేకుండా బదిలీ జరిగింది’ అని స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి అత్యవసరాలకు రిజిస్ట్రార్లు ఒకరినొకరు సంప్రదించుకునే ప్రత్యేక మార్గం ఉంది, అందులో అడిగినదానికి అవతలి సంస్థ 4 గంటల్లో స్పందించాలి. అది మనం నేరుగా వాడుకోలేం, మన రిజిస్ట్రార్ చేత వాడించాలి, అందుకని పట్టుబట్టి అడగాలి. వచ్చిన మెయిళ్లను ఒక్కటి కూడా చెరిపేయకండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేసి, మీ డివిజన్‌లోని సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాల) పోలీస్ స్టేషనుకు వెళ్లండి. డబ్బు కూడా పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడటం ఐటీ చట్టం 66సి సెక్షను కింద, కంప్యూటరు ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం 66డి కింద నేరాలు. రెండింటికీ 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

మన దేశంలో డొమైన్ల కోసం విడిగా చట్టం లేదు. అయినా మన ఊళ్లోనే మొదలైన ఒక కేసు వ్యాపారులకు ఊతమిచ్చింది. చెన్నైలోని సత్యం ఇన్ఫోవే తన సిఫీ పేరును పోలిన పేరు పెట్టుకున్న సిఫినెట్ అనే సంస్థ మీద బెంగళూరు సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంది. కర్ణాటక హైకోర్టులో ఓడింది. 2004 మే 6న సుప్రీంకోర్టు, డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్కుకు ఉండే రక్షణ ఉంటుందని చెప్పి మళ్లీ గెలిపించింది. అది దొంగతనం కేసు కాదు, పోలిక కేసు. కానీ దాన్ని ఆసరా చేసుకోవాలంటే, ఆ పేరుతో ఇన్నేళ్లుగా వ్యాపారం చేస్తున్నది మీరేనని చూపగలగాలి. అందుకని కొట్టు పేరుకు ట్రేడ్‌మార్కు దరఖాస్తు చేయండి. కర్ణాటకవాళ్ల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి, అయితే ప్రయాణం అక్కరలేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు. 2016 నుంచి ఆ అబ్బాయికి పంపిన డబ్బు తాలూకు బ్యాంకు పద్దులు కూడా ఒక ఫైలులో పెట్టండి.

చివరికి అందరికంటే ముందు మాట్లాడవలసింది అతనితోనే. ఇలాంటి మాట ఎత్తితే అనుమానిస్తున్నాం అనుకుంటాడేమోనని, ఆడపడుచు ఇంట్లో మాట వస్తుందేమోనని మీకు సంకోచం ఉంటుంది. దాచిపెట్టి డొంకతిరుగుడుగా అడిగితేనే అనుమానంలా ఉంటుంది. ముందు అతను వాడుతున్న రిజిస్ట్రార్ ఎవరో పైన చెప్పినట్టు చూసి, అదే సంస్థలో కొట్టు పేరున ఖాతా తెరవండి. తరువాత ఇలా రాయండి: ‘బాబూ, కొట్టు పత్రాలన్నీ ఒకచోటికి చేరుస్తున్నాం. డొమైన్ ఇంకా నీ పేరున ఉంది, రేపు ఏదైనా అయితే నీకూ ఇబ్బంది, మాకూ ఇబ్బంది. నువ్వు వాడే రిజిస్ట్రార్ దగ్గరే మేమూ ఖాతా తెరిచాం, దాని మెయిల్ నీకు పంపిస్తున్నాను. పేరును అందులోకి పుష్ చేసి, ఓనర్‌గా కొట్టు పేరు పెట్టు. ఆదివారం నీకు వీలైన వేళ వీడియో కాల్‌లో ఇద్దరం కలిసి చేద్దాం.’

ఆ కాల్‌లో యజమాని మార్పును ఒప్పుకుంటున్నారా అని పాత మెయిల్‌కూ, కొత్త మెయిల్‌కూ ఉత్తరాలు వస్తాయి. ఈసారి అవి మీరు కోరి తెప్పించుకున్నవే కాబట్టి, పంపినవారి చిరునామా చదివి ఒప్పుకోండి. ఆ తరువాత సాధారణంగా 60 రోజులు వేరే రిజిస్ట్రార్‌కు మారడానికి వీలుండదు, అదీ మీ మంచికే. నేమ్‌సర్వర్ల గడిని మాత్రం ఆ రోజు ఎవరూ ముట్టుకోకండి. అది మారితే అమ్మకాల వేళ సైటు, మెయిళ్లు రెండూ ఆగిపోతాయి.